చలికాలంలో లాగిన ఇల్లు

జూన్ 3, సోమవారం

పడవ వచ్చింది, వెళ్ళింది. నేను ఎక్కలేదు. వచ్చే సోమవారం ఎక్కుతాను.

రేపటికి నోల్వియా పోయి ఎనిమిది వారాలు. ఆరోగ్య కేంద్రం తాళంచెవి ఇంకా నా జేబులోనే ఉంది. టీకాల ఫ్రిజ్ పొద్దున నాలుగు డిగ్రీలు, సాయంత్రం ఐదు. తలుపుకి అంటించిన కాగితం మీద రాశాను. ఆమె అంకెల కింద నా అంకెలు.

జూన్ 6, గురువారం

ముగ్గురు తలుపు తట్టారు. ఒకరు రక్తపోటు మాత్రల కోసం, ఒకరు పసిపిల్లను తూకం వేయించడానికి, ఒకరు ఊరికే, బుట్టెడు బంగాళాదుంపలు ఇచ్చిపోవడానికి. నేను నర్సును కాను, నర్సు నోల్వియా మొగుణ్ణి, నాకు వచ్చింది ఎక్కాలు చెప్పడం ఒక్కటే, ఆ బడి కూడా మూతబడి రెండేళ్ళయింది అని చెప్పాను. తెలుసు మాస్టారూ అని ముగ్గురూ బల్ల మీద కూర్చున్నారు.

పసిపిల్లను తూచాను. ఆరు కిలోల రెండు వందలు.

వెళ్ళిపోయేవాడు దుంపలు తీసుకోకూడదు. తీసుకున్నాను.

జూన్ 10, సోమవారం

సముద్రం బాగా లేదు. పడవ మాత్రం వెళ్ళిందట.

జూన్ 13, గురువారం

చర్చి వెనక గుట్ట ఎక్కితేనే ఫోను పలుకుతుంది. ఎక్కాను. ప్వెర్తో మోంత్‌లో మా చెల్లెలు ఒఫేలియా నాకోసం గదికి రంగు వేయించిందట. కిటికీ తెరిస్తే బస్సుల స్టాండు కనిపిస్తుందట. ఒక్క పెట్టెతో రా అన్నయ్యా, ఇంకేమీ పట్టదు అంది.

నా సామాను ఒక్క పెట్టెకే సరిపోతుంది. మిగతాదంతా నోల్వియాది.

జూన్ 18, మంగళవారం

ఒర్తేలియో కట్టెలు తెచ్చి గుమ్మంలో పేర్చి పోయాడు. తెర వెనక నుంచి చూశాను. తలుపు తీయలేదు. అతని ఎడమ బొటనవేలు సగమే ఉంది. అయినా చక్కగా పేరుస్తాడు.

ఏప్రిల్ తొమ్మిదిన ఆ వేలు గొడ్డలి కింద పెట్టుకోకపోతే బల్దొమేరో పడవ రేవులోనే ఉండేది. చెల్మాయ్ దీవికి ఉన్నది ఆ ఒక్క ఇంజను పడవే. తొమ్మిదింటికి ఒర్తేలియోను ఎక్కించుకుని పట్నం వెళ్ళింది. నోల్వియాయే దగ్గరుండి ఎక్కించింది. పదకొండింటికి ఆమె కేంద్రంలో పడిపోయింది. నేను రేడియోలో పిలిచాను. పడవ తిరిగి వచ్చేసరికి మూడు.

తొమ్మిదింటికి వెళ్ళింది. అదే సంగతి.

జూన్ 24, సోమవారం

ఎదెల్మీరా వచ్చింది. ఊరి సంఘం అధ్యక్షురాలు. కూర్చున్నా, నడిచినా, తగాదా తీర్చినా ఆమె చేతిలో ఉన్ని కదురు తిరుగుతూనే ఉంటుంది. పట్నం కార్యాలయం నుంచి ఉత్తరం తెచ్చింది. ఆగస్టు ఆఖరులోగా నర్సు చేరకపోతే కేంద్రం ఎత్తేస్తారు. రెండు నెలలకొకసారి డాక్టరు పడవ వస్తుంది, అదీ గాలి ఒప్పుకుంటే.

బడి ఎత్తేసినప్పుడు కూడా ఇలాంటి ఉత్తరమే వచ్చింది. ఆ ఏడాది ఏడు కుటుంబాలు వెళ్ళిపోయాయి. మిగిలిన ముగ్గురు పిల్లల్ని పెద్ద దీవిలో బోర్డింగుకి పంపారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గుట్టమీంచి చూస్తే నలభై ఒక్క ఇళ్ళలో పొగ లేచేది. ఈ ఉదయం పంతొమ్మిది. కేంద్రం పోతే ముందు కడుపుతో ఉన్నవాళ్ళు వెళ్తారు. తర్వాత ముసలివాళ్ళను పిల్లలు తీసుకుపోతారు. మనుషులు లేని దీవికి సోమవారం పడవ దేనికి అంటారు, తర్వాత గురువారం పడవ దేనికి అంటారు. ఎదెల్మీరా ఇవేవీ అనలేదు. కదురు తిప్పుతూ కూర్చుంది.

లేచేటప్పుడు చెప్పింది, నర్సు దొరికిందట. పేరు యస్నా. మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు. రావడానికి ఒప్పుకుందట. సంతోషం అన్నాను. నిజంగానే సంతోషం. ఆమె వస్తే కేంద్రం ఆమెది, దాన్ని ఆనుకున్న ఈ ఇల్లు ఆమెది, తాళంచెవి ఆమెది. నేను వెళ్ళొచ్చు.

జూలై 1, సోమవారం

నర్సు వచ్చేదాకా ఫ్రిజ్ ఎవరు చూస్తారు? అందుకని ఎక్కలేదు.

జూలై 4, గురువారం

కాగితాల మీద సంతకం కోసం ఎదెల్మీరా ఇంటికి వెళ్ళాను. తాను రాసిన జవాబు నకలు గర్వంగా చూపించింది. ఆ నర్సు రెండే ప్రశ్నలు అడిగిందట: ఉండడానికి ఇల్లుందా, పిల్లలకు బడి ఉందా. ఎదెల్మీరా జవాబు కూడా రెండు ముక్కలే. ఇల్లుంది. మాస్టారున్నారు.

"ఏ మాస్టారు?" అన్నాను.

"ఎంతమంది ఉన్నారేంటి మనకి?"

"నేను వెళ్ళిపోతున్నానని చెప్పాను కదమ్మా."

"చెప్పారు. ఏప్రిల్ నుంచీ చెబుతూనే ఉన్నారు." కదురు ఆగలేదు. "బోర్డింగులో మన పిల్లలు ముగ్గురు. ఆవిడ పిల్లలు ఇద్దరు. ఐదుగురుంటే బడి తెరుస్తామని పట్నం వాళ్ళన్నారు. లెక్కల మాస్టారు మీరు, కూడుకోండి."

పొయ్యి మీంచి మిల్కావో తీసి పెట్టింది. వేడిగా ఉంది. పంది కొవ్వులో కాల్చిన ఆ దుంపరొట్టె నోల్వియా చేసినట్టే ఉంది. ఈ దీవిలో అందరిదీ ఒకేలా ఉంటుంది. తిన్నాను.

జూలై 5, శుక్రవారం

నేను లేకపోతే బడి లేదు. బడి లేకపోతే నర్సు రాదు. నర్సు రాకపోతే కేంద్రం లేదు. కేంద్రం లేకపోతే దీవి లేదు.

ఒక మనిషి మీద ఇంత మోపడం అన్యాయం. చెప్పాలి. రేపు చెబుతాను.

జూలై 6, శనివారం

వాన. ఎటూ వెళ్ళలేదు.

జూలై 11, గురువారం

కోపంలో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

ఊరంతా కలిసి చేసే మింగాకు ఒక పద్ధతుంది. చెక్క ఇల్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి లాగించుకోవాలనుకున్నవాడు తానే ప్రతి గుమ్మానికీ వెళ్ళి, టోపీ చేత పట్టుకుని, సాయం రమ్మని వేడుకోవాలి. అడగనిదే ఎవరూ రారు. అడిగాక రానివాడూ ఉండడు. వచ్చిన ప్రతి మనిషికీ ఒక్కో రోజు పని బదులు పడతాం. వాళ్ళ దుంపలు తవ్వేటప్పుడో, కప్పు వేసేటప్పుడో వెళ్ళి తీర్చాలి. బదులు తీర్చకుండా దీవి వదిలినవాణ్ణి ఈ ఇరవై నాలుగేళ్ళలో నేను చూడలేదు.

నేను ఏ గుమ్మమూ ఎక్కలేదు. ఒర్తేలియో ఎక్కాడు, నా పేరు మీద. ఇక్కడ పంతొమ్మిది ఇళ్ళు, అవతలి దీవిలో ఆరు. మాస్టారు మొహమాటపడుతున్నారు, వారి మాటగా నేను వచ్చాను అన్నాడట, టోపీ తీసి.

మా అత్తగారి ఇల్లు, నోల్వియా పుట్టిన ఇల్లు, దీవికి అటు కొసన తొమ్మిదేళ్ళుగా ఖాళీగా ఉంది. దాన్ని ఎద్దులతో లాక్కొచ్చి కేంద్రం పక్కన నిలబెడతారట. ఆమె లేని గదుల్లో పడుకోలేక నేను దీవి వదులుతానంటున్నానని వాళ్ళ నమ్మకం. అందుకని ఆమె పుట్టిన గది తెచ్చి ఇస్తున్నారు.

వద్దని చెప్పడానికి బయలుదేరాను. మొదటి ఇంట్లో మాతే ఆకు టీ కాచి ఇచ్చారు. తాగేదాకా ఆ మాట ఎత్తడం మర్యాద కాదు, తాగాక ఎత్తలేదు. రెండో ఇంట్లో తాతా మనవరాలూ కూర్చుని నా ఇంటికోసం తాడు పేనుతున్నారు. మూడో ఇంటికి వెళ్ళలేదు.

జూలై 18, గురువారం

చలికాలంలో ఎవరూ ఇల్లు లాగరు. నేల ఉడికిన దుంపలా ఉంటుంది. నేల ఆరాక, వేసవిలో, ఫిబ్రవరిలో లాగుతారు, మార్చిలో లాగుతారు. సంఘంలో లేచి ఈ మాటే చెప్పాను. ఇల్లు వద్దని చెప్పాల్సింది, చలికాలంలో వద్దని చెప్పాను. వేసవి దాకా నర్సు ఆగదు కదా మాస్టారూ అన్నారు. తీర్మానం రాసుకున్నారు.

జూలై 22, సోమవారం

ఫ్రిజ్ నాలుగు. ఐదు.

జూలై 30, మంగళవారం

అత్తగారి ఇంటి తలుపులు, కిటికీలు ఊడదీశారు. లోపల అడ్డదూలాలు బిగించారు, లాగేటప్పుడు గోడలు చెదరకుండా.

"ఊడదీశారు" అని రాశాను. నేను కూడా ఊడదీశాను. మేకులన్నీ డబ్బాలో వేశాను.

ఆగస్టు 3, శనివారం

ముప్పై నాలుగు మంది వచ్చారు. హాజరు పిలిచే అలవాటు పోదు, లెక్కపెట్టాను. ఎనిమిది జతల ఎద్దులు. ఇంటి కింద రెండు పొడుగాటి దుంగలు, వాటికి తాళ్ళు, తాళ్ళకు కాడులు. కప్పు మీద జెండా. భోజనం పెట్టాల్సింది నేను, ఇంటివాణ్ణి. ఆడవాళ్ళు ఎవరింటి నుంచి వాళ్ళు వండుకుని తెచ్చారు, ఆ పనీ నాకు మిగల్చలేదు.

మొదటి లాగుడికి కదల్లేదు. రెండో లాగుడికి కదల్లేదు. బల్దొమేరో దుంగ మీద చెయ్యి వేసి ఊళ్ళో అందరికీ వినబడేలా అన్నాడు: "మీ అత్తగారు ఇంకా లోపలే ఉన్నట్టున్నారు మాస్టారూ. ఒకసారి మీరే చెప్పి చూడండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాలుగు నెలల తర్వాత అనుకుంటాను. వెంటనే నోరు మూసుకున్నాను.

మూడో లాగుడికి కదిలింది. ఇల్లు నడవడం నేను ఇదివరకు రెండుసార్లు చూశాను. అప్పుడు వేరేవాళ్ళ ఇళ్ళు. కిటికీలు లేని కన్నాల్లోంచి అటువైపు సముద్రం కనబడుతూ ఆ ఇల్లు గడ్డి మీద మా వెనకే వచ్చింది. అది లేచిన చోట నేల తెల్లగా, పొడిగా ఉంది. కోళ్ళు అప్పుడే అక్కడ గీరుతున్నాయి.

నేను తాడు పట్టాను. ఎవరూ పట్టమనలేదు. చేతులు ఊరికే ఉంచుకోలేక.

ఒంటిగంటకి వాగు దగ్గర ఎడమ దుంగ దిగబడింది. వేసవిలో అక్కడ పిల్లలు బంతి ఆడతారు. ఎద్దులు మోకాళ్ళదాకా బురదలో నిలబడి ఊపిరి వదులుతున్నాయి. ఇల్లు ఒక పక్కకి ఒరిగింది. రెండు గంటలు గుంజారు. తాడు ఒకటి తెగింది. రేపు చూద్దాం అన్నారు.

అక్కడే ఉండిపోతే బాగుండు అనుకున్నాను. ఇల్లు లేకపోతే నేనుండడానికి చోటుండదు. అది ఎవరి తప్పూ కాదు.

ఆగస్టు 4, ఆదివారం

ఇది రాయకూడదనుకున్నాను.

పొద్దున వాన. మిగతావాళ్ళు ఎదెల్మీరా ఇంటికి భోజనానికి వెళ్ళారు. ఒరిగిన వైపు చెక్కలు దూర్చి నిలబెట్టకపోతే గోడ విరుగుతుందని ఒర్తేలియో ఉండిపోయాడు. ఇల్లు నాది కదా, నేనూ ఉండాల్సి వచ్చింది. లోపలికి దూరి పని చేశాం. నేల ఏటవాలుగా ఉంది, ఇద్దరం గోడకి వీపు ఆనించి నిలబడ్డాం. అతను కొడుతున్నాడు, నేను చెక్కలు అందిస్తున్నాను. ఏప్రిల్ తర్వాత అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. చెక్కలు అందించడం మాట్లాడడం కాదు.

అతనే మొదలుపెట్టాడు.

"ఆ రోజు నేను వద్దన్నాను మాస్టారూ. కట్టు కట్టండమ్మా, చాలు అన్నాను. ఆవిడ వింటేనా. చొక్కా పట్టుకుని పడవ ఎక్కించింది. మీరు నా మొహం చూడకపోవడం సబబే. నేనైనా చూడను."

నేను ఊరుకోవచ్చు. నాలుగు నెలలుగా ఊరుకుంటున్నాను.

"నాకు ఏడింటికి చెప్పింది" అన్నాను.

"ఏంటి?"

"ఎడమ చెయ్యి బరువుగా ఉందని. ఏడింటికి. నిన్న కట్టెలు మోశావుగా, అదే అయ్యుంటుంది అన్నాను. మాతే తాగుతున్నాను. తల కూడా ఎత్తలేదు. పడవ తొమ్మిది దాకా రేవులోనే ఉంది."

ఆమె నర్సు, ఆమెకి తెలియదా అని నాకు నేను చెప్పుకున్నాను. తెలిసే ఉంటుంది. అవునో కాదో నా నోట వినాలనుకుందేమో. నేను కట్టెలన్నాను. ఆమె కోటు వేసుకుని కేంద్రం తెరవడానికి వెళ్ళింది. తర్వాత ఒర్తేలియో వేలు వచ్చింది. అతను రాకపోయినా ఆమె పడవ ఎక్కేది కాదు, నేను ఎక్కించి ఉంటే తప్ప.

ఇది వింటే నన్ను వదిలేస్తాడనుకున్నాను. దానికోసమే చెప్పానేమో. ఇలాంటివాడు మా పిల్లలకి అక్కర్లేదు అంటాడని, ఊరంతా చెబుతాడని, సోమవారం నాకు దారి ఇస్తారని.

ఒర్తేలియో చేతిలోని చెక్క వైపు చూశాడు. తర్వాత దాన్ని దూర్చి రెండు దెబ్బలు కొట్టాడు. నిలిచిందో లేదో భుజంతో తోసి చూశాడు.

"రేపు ఎద్దుల్ని ఎన్నింటికి తోలుకురమ్మంటారు?" అన్నాడు.

ఏడు అనడానికి నోరు రాలేదు. ఆరింటికి అన్నాను.

ఆగస్టు 5, సోమవారం

అవతలి దీవివాళ్ళే మరో నాలుగు జతలు తెచ్చారు. పన్నెండు జతలు. పదింటికి బురదలోంచి లేచింది. మూడింటికి కేంద్రం పక్కన నిలబడింది. కొంచెం కుడికి వాలి ఉంది. ఎండాకాలం సరిచేద్దాం అన్నారు.

పడవ ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్ళిందో చూడలేదు.

ఆగస్టు 8, గురువారం

బల్దొమేరో చేను కంచె వేసి వచ్చాను. ఒక బదులు తీరింది. ఇంకా ముప్పై మూడు.

ఆగస్టు 9, శుక్రవారం

ఒర్తేలియో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఎదెల్మీరా కళ్ళలో తెలిసేది. వాకిట్లో కట్టెలు మళ్ళీ పేర్చి ఉన్నాయి. ఈసారి తలుపు తీశాను. అప్పటికే వెళ్ళిపోయాడు.

ఆగస్టు 15, గురువారం

పెట్టె సర్దాను. సోమవారం నర్సు దిగుతుంది. తాళంచెవి చేతిలో పెట్టి, ఫ్రిజ్ కాగితం చూపించి, అదే పడవలో వెళ్తాను. దిగాక ఆమె ఎలాగూ వెనక్కి పోదు, సామానంతా తెచ్చుకుంటుంది కదా. బడికి పట్నం వాళ్ళే ఎవరినో పంపుతారు. పంపకుండా ఎలా ఉంటారు.

ఒఫేలియాకి ఫోను చేసి చెప్పాను. సరే, ఏ సోమవారం అంది.

ఆగస్టు 19, సోమవారం

అందరూ రేవులో ఉన్నారు. పెట్టె ఇసుక మీద నా పక్కనే పెట్టుకున్నాను. దాని గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ఎదెల్మీరా దాన్ని చుట్టి వెళ్ళి అటు నిలబడింది, రాయిని చుట్టి వెళ్ళినట్టు.

యస్నా ముందు దిగింది. నలభై లోపే, పొట్టి జుట్టు, మోకాళ్ళదాకా నీళ్ళలో నడిచి వచ్చింది. వెనకే కూతురు, తొమ్మిదేళ్ళుంటాయి. కొడుకు చిన్నవాడు, ఒర్తేలియో భుజాల మీద. సామాను ఇంకా పడవలోనే ఉంది: రెండు పరుపులు, కుట్టుమిషను, పెద్ద ఫ్రిజ్.

"మాస్టారు మీరేనా?" అంది.

"నేనే."

"ఆ పెట్టె?"

"నాదే."

పెట్టె వైపు చూసింది, నా వైపు చూసింది, పడవ వైపు చూసింది. కూతురి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"మాస్టారున్నారని నాకు రాశారు. ఊళ్ళో ఉన్నారో పడవలో ఉన్నారో రాయలేదు."

ఎదెల్మీరా కదురు మొదటిసారి ఆగింది. పడవ మీద బల్దొమేరో నీళ్ళకేసి చూస్తున్నాడు. ఆటు మొదలై నీళ్ళు తగ్గుతున్నాయి. ఇంకో పావుగంటలో పడవ ఇసుకకి తగులుతుంది.

"మాస్టారూ" అని కేకేశాడు, "మీ పెట్టె ఎక్కించనా, అమ్మగారి ఫ్రిజ్ దించనా? రెంటికీ నీళ్ళు చాలవు."

అతని గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే రెంటికీ చాలవు.

ముప్పై మంది ఉన్నారు రేవులో. ఉండమని ఒక్కరు అడిగినా కాదనేవాణ్ణి. ఆ మాట సిద్ధంగా ఉంది నోట్లో. ఎవరూ అడగలేదు. ఒర్తేలియో భుజాల మీద పిల్లవాడికి నిద్ర వస్తోంది, తల వాలుతోంది.

"ఫ్రిజ్ దించు" అన్నాను.

తర్వాత ఆమెతో, "డిసెంబరు దాకా" అన్నాను.

"నా కాంట్రాక్టు కూడా అంతే" అంది.

నలుగురు ఫ్రిజ్ మోసుకుని వెళ్ళారు. పెట్టె నేనే మోసుకుని వాలిన ఇంటికి తెచ్చుకున్నాను. అది ఇంకా విప్పలేదు.

ఆగస్టు 20, మంగళవారం

ఎనిమిదింటికి బడి తెరిచాను. తాళం తుప్పు పట్టింది, ఒర్తేలియో నూనె వేశాడు. బోర్డింగు పిల్లలు ముగ్గురూ వచ్చే సోమవారం వస్తారు. ఈ రోజుకి ఇద్దరే. కోట్లు విప్పలేదు, గది వేడెక్కలేదు.

పిల్లవాడి పేరు ఇస్మాయేల్. అక్క పేరు అంబర్. తనకి భాగహారం వచ్చని చెప్పింది. ఏమైనా అడగాలా అన్నాను. ఒకటే అడిగింది.

"మనం ఇక్కడ ఎన్ని రోజులుండాలి?"

డిసెంబరు ఆరు దాకా, ఈ ఏటి బడి ముగిసేదాకా అన్నాను. అవి ఎన్ని రోజులు అంది. బోర్డు తుడిచి, నెలలు ఒకదాని కింద ఒకటి వేశాం. ఆగస్టులో మిగిలినవి పదకొండు, ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై, ఆరు. తనే కూడింది. నూట ఎనిమిది. సరిగ్గా వేసింది.

ఆదివారాలు తీసేద్దాం అంది.

ఆదివారం కూడా ఇక్కడే ఉంటాం కదా అన్నాను.

సుద్దముక్క బల్ల మీద పెట్టి, ఒప్పుకుంది.